అరవైమూడు గడపల పటం

తాడు కొస పట్టుకుని నిలబడ్డ ధూమగిరి సైనికుడికి తాను పట్టుకున్నదేమిటో తెలియదు. నిధిని కట్టిపడేసే మంత్రపు తాడనుకుని భయభక్తులతో రెండు చేతులా పట్టుకున్నాడు. నిజానికి అది ఇప్పలవాడ గ్రామపు కొలతాడు. మూరకొక ముడి వంతున నూరు ముడులున్న తాడు. మూడు నెలల క్రితం తాను తగలబెట్టిన ఊరిని ఇప్పుడు తానే దగ్గరుండి కొలిపించి ఇస్తున్నానని ఆ మహానుభావుడికి ఎవరూ చెప్పలేదు.

రెండో కొస రేచన చేతిలో ఉంది. నుదుట అరచేతి వెడల్పు సిందూరం, మెడలో ఎలుగుగోళ్ళ దండ, చంకలో జోలె, జోలెలో తమలపాకులూ కాటుక భరిణె. ఒళ్ళంతా బూడిద పూసుకున్నాడు. చూసేవాళ్ళకు అతను అంజనం వేసి భూమిలో దాగిన సొత్తు చెప్పే సిందూరసిద్ధుడు. మూడు రోజులుగా శత్రువు శిబిరంలో శత్రువు పెట్టిన అన్నం తింటూ, "ఇంకాస్త బిగించు నాయనా, సడలితే భూతం జారిపోతుంది" అని శత్రువు చేతనే తాడు లాగించుకుంటున్నాడు. ఒంటికి పూసుకున్న బూడిద ఏ ఇంటి దూలానిదో, ఏ ఇంటి ఊయలదో అతనికి తెలుసు. అందుకే రోజూ పొద్దున్నే ఆ బూడిదే తీసి పూసుకునేవాడు.

రేచన ఈ ఊరి కొలగాడు కొమ్మన కొడుకు. ఊరి పొలాలూ ఇళ్ళ స్థలాలూ కొలిచి హద్దురాళ్ళు నాటడం వాళ్ళ ఇంటి పని.

యుద్ధం ముగిసింది. వైజయంత రాజూ ధూమగిరి రాజూ సంధి చేసుకున్నారు. రాజులు ఒకరినొకరు కౌగిలించుకోవడానికి ఒక్క పూట చాలింది. కాలిపోయిన ఊళ్ళ సంగతి మాత్రం సంధిపత్రంలో చిట్టచివరి వాక్యానికి వచ్చింది. ఏ ఊరివాళ్ళు తమ ఊరి పటాన్ని గడపగడపకూ కొలతతో, పేరుతో, హద్దులతో గీసి పున్నమినాటి పొద్దు గుంకేలోగా మధ్యవర్తి ఎదుట పెడతారో ఆ ఊరు వాళ్ళది. ఇళ్ళు తిరిగి కట్టుకోవడానికి కలపా సున్నమూ వైజయంత రాజే ఇస్తాడు. పటం రాని ఊరు, దాన్ని గెలిచిన దండనాయకుడి సొంతం. ఆ వాక్యం పట్టుబట్టి రాయించింది ఇప్పలవాడను గెలిచిన దండనాయకుడు శరభకేతుడే. ఊరిని కాల్చి, కాల్చినదాన్ని ఏనుగులతో తొక్కించినవాడికి ఆ మాత్రం ధీమా ఉండదా మరి. 

ఊళ్ళో బతికి బయటపడ్డ నూటతొంభైమంది కొండగుహల్లో ఆకులూ దుంపలూ తింటున్నారు. మధ్యవర్తి వృద్ధమంత్రి ఆర్యకీర్తి ఏటికి అవతలి రేవులో డేరా వేసుకుని కూర్చున్నాడు. పెద్దలు రేచనను పిలిచి, ముందు పటం తెమ్మనీ, పగ సంగతి తర్వాత చూసుకుందామనీ చెప్పారు. అతను రెండూ తెస్తానన్నాడు. శరభకేతుణ్ణి చంపితే సరిపోదు. ఎవరి కొడుకు చేతిలో చస్తున్నాడో తెలిసి చావాలి. కొండ దిగేటప్పుడు నూటతొంభైమంది ఎదుటా అతను అన్న మాట అది.

అప్పటి ఇప్పలవాడ చూడముచ్చటైన ఊరు. ఏటి ఒడ్డు మిట్టమీద అరవైమూడు గడపలు, ఎర్రమట్టి అలికిన గోడలు, గోడలమీద పిండితో వేసిన నెమళ్ళు, ప్రతి పెరట్లో గుమ్మడి పాదు, ఎండాకాలం వస్తే ఊరంతా ఇప్పపువ్వు వాసన. ఇప్పుడు మొలలోతుకు మించి నిలబడ్డ గోడ ఒక్కటీ లేదు. ఏనుగుల అడుగులు పడ్డచోట వాననీళ్ళు నిలిచి, నల్లటి బూడిద బురదలో పెంకులూ ఎముకలూ కలిసిపోయి, ఎక్కడ ఎవరిల్లు ముగిసి ఎవరి పెరడు మొదలైందో బ్రహ్మదేవుడు దిగివచ్చినా చెప్పలేడు. 

కొలగాడు చెప్పగలడు. గడప కాలిపోతుంది గాని గడప కింద రాయి కాలదు. ఇల్లు కట్టే రోజున కొలగాడు స్వయంగా ఆ రాయి పాతి, ఇంటివాడి గుర్తుగా దానిమీద గాటు పెట్టడం ఇప్పలవాడ ఆచారం. నలభై ఏళ్ళుగా ఆ రాళ్ళన్నీ పాతింది కొమ్మనే. రేచన మంత్రం చదువుతున్నట్టు పెదవులాడిస్తూ కాలి బొటనవేలితో బూడిద జరుపుతాడు. మూడు గాట్ల రాయి కనిపిస్తుంది. కుమ్మరి బేతడి గడప. అక్కడినుంచి తాడు లాగిస్తే పందొమ్మిది మూరలకు వెనకగోడ, పదకొండు మూరలకు పక్కగోడ. పక్కనే పొయ్యి రాళ్ళు, పగిలిన రోలు. కూర్చుని కాషాయపు గుడ్డమీద ఒక గడి గీసి, అందులో అంకెలు వేసి, ఇంటివాడి పేరులో మొదటి అక్షరం రాస్తాడు. చూసేవాళ్ళకది యంత్రం, అందులోవి బీజాక్షరాలు. అందరూ కాలిపోయిన ఇల్లయితే గడి మూలన చిన్న చుక్క పెడతాడు. చుక్కలు పదిహేడయ్యాయి. పదిహేడోది తన మేనత్త ఎరుకసాని ఇల్లు. తల్లి పోయిన రేచనను పెంచి పెద్దచేసిన మనిషి ఆమె. అక్కడ చుక్క పెట్టి, అతను గడపరాయికి నుదురు ఆనించాడు. తాడు పట్టుకున్నవాడు భూతం పూనిందనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

మూడోనాడు, పున్నమినాడు, పొద్దు నడినెత్తి దాటేసరికి అరవైరెండు గడపలు పూర్తయ్యాయి. అరవైమూడోది తన సొంత ఇల్లు. దానిమీద శరభకేతుడి డేరా వేసి ఉంది.

ఆ డేరా వైభవమే వేరు. నాలుగు వెండి గుంజలు, వాటికి కట్టిన నీలిపట్టు తెరలు, తెరలమీద జరీతో కుట్టిన శరభాలు, గుమ్మానికి అటూ ఇటూ గొలుసులతో కట్టిన రెండు చిరుతలు. లోపల పులితోలు పరిచిన పీఠంమీద శరభకేతుడు కూర్చుని ఉన్నాడు. ఏడడుగుల మనిషి. ఎర్రటి మీసాలు చెవుల దాకా తిప్పి బంగారు ఉంగరాల్లో దూర్చాడు. అతని కుడిపక్కన మాంత్రికుడు గృధ్రనాథుడు రెండు భుజాలమీదా రెండు బతికున్న రాబందులను కూర్చోబెట్టుకుని, కనురెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. శరభకేతుడు కాళ్ళు చాపి పెట్టుకున్న రాయి రేచన ఇంటి పొయ్యి రాయి.

రేచన చిరుతల మధ్యనుంచి నడిచివచ్చి, నిధి జాడ ఈ డేరాలోనే తెగిపోయిందనీ, నాలుగు మూలలూ తాడు పట్టించక తప్పదనీ చెప్పాడు. శరభకేతుడికి నిధి అంటే నోరూరుతుంది. యుద్ధం నాడు వైజయంత రాజు తన నవరత్న కిరీటాన్ని ఈ ఊరి పాతరలో దాయించాడని వారంరోజులుగా శిబిరమంతా అదే గుసగుస. తాను శిబిరంలో అడుగుపెట్టకముందే ఆ గుసగుసను లోపలికి వదిలినవాడు సిద్ధుడే. పాతరంటే ధాన్యం దాచుకునే గొయ్యి. రెండు నిలువుల లోతు తవ్వి, గోడలకు గడ్డి చుట్టి, ధాన్యం నింపి, రాతిమూత పెట్టి పైన మన్ను కప్పేస్తారు. ఎక్కడున్నదీ ఇంటివాడికీ కొలగాడికీ తప్ప తెలియదు.

రేచన తాడు పట్టిస్తుంటే శరభకేతుడు మీసం దువ్వుకుంటూ కబుర్లలోకి దిగాడు. ఈ పాతరల కోసమే ఒక ముసలి కొలగాణ్ణి ఇదే చోట, వాడి గడపలోనే గుంజకు కట్టించాననీ, వాడి కొలకర్రే విరిచి వాడి కాళ్ళకింద మంట పెట్టించాననీ, వాడు చివరిదాకా నోరు విప్పలేదనీ, అంత మొండిఘటాన్ని తన జన్మలో చూడలేదనీ చెప్పాడు. రేచన వంగి ముడులు లెక్కపెడుతున్నాడు. పధ్నాలుగు. పదిహేను.

"ఆ ముసలివాడి పేరేమిటి దొరా? అంజనానికి పేరు కావాలి" అని అడిగాడు తల ఎత్తకుండా.

"పేరా? కాల్చేవాళ్ళ పేర్లన్నీ అడుగుతూ కూర్చుంటే యుద్ధాలేం చేస్తాం" అన్నాడు శరభకేతుడు.

పదహారో ముడి దగ్గర రేచన చెయ్యి ఆగిపోయింది. మూడు నెలలుగా అతనికి కలలో కూడా రాని సంగతి ఇది. తండ్రిని చంపినవాడు పేరైనా అడగలేదు. జోలెలో చిన్న కత్తి ఉంది. రెండంగల దూరంలో శరభకేతుడి గొంతు ఉంది. కొండగుహలో నూటతొంభైమంది ఉన్నారు. ఆ చివరిది తలచుకుని అతను పదిహేడు, పద్దెనిమిది అని లెక్కపెట్టి, అరవైమూడో గడి గీశాడు. పటం పూర్తయింది.

గుడ్డ మడుస్తుండగా గృధ్రనాథుడు మొట్టమొదటిసారి నోరు తెరిచాడు. ఈ యంత్రంలో గడులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయనీ, తాను నేర్చిన ఏ తంత్రంలోనూ ఇటువంటిది లేదనీ అన్నాడు. రేచన తొణక్కుండా, భూమి కింద దాచినవాళ్ళు తంత్రం చదివి దాచలేదు కదా స్వామీ అని నవ్వాడు. శరభకేతుడూ నవ్వాడు. మాంత్రికుడు నవ్వలేదు. అతని భుజంమీది రాబందు ఒకటి మెడ సాచి ఆ గుడ్డవంక చూసింది.

ఇక ఆలస్యం చెయ్యకూడదు. రేచన తమలపాకుకు కాటుక రాసి, కళ్ళు తేలవేసి, కిరీటం కనిపిస్తోందన్నాడు. డేరాకు ఉత్తరంగా ఇరవైరెండు మూరలు. అక్కడ తవ్వితే రాతిమూత తగులుతుంది. అయితే మొదట దాన్ని ముట్టుకున్నవాడి తలకే అది అమరుతుంది, దొరవారే దిగాలి.

ఆ చోట ఉన్నది ఊరి ఉమ్మడి పాతర. అన్నిటికన్నా పెద్దది. రెండేళ్ళుగా తెరవలేదు. పాతర తెరవడానికి ఇప్పలవాడలో పద్ధతి ఉంది. పొద్దున్నే మూత తీసి సాయంకాలందాకా వదిలేస్తారు. తర్వాత ప్రమిదను తాడుతో దించుతారు. దీపం నిలిచి వెలిగితే మనిషి దిగుతాడు, ఆరిపోతే మర్నాటిదాకా ఎవడూ దిగడు. మూసిపెట్టిన ధాన్యం కింద ఊరే గాలికి వాసన లేదు, రంగు లేదు. నాలుగు ఊపిరుల్లో మనిషిని పడగొడుతుంది. ధూమగిరివాళ్ళది కొండదేశం. వాళ్ళు ధాన్యాన్ని అటకమీద బుట్టల్లో పోసుకుంటారు. పాతర గాలి సంగతి వాళ్ళ తాతముత్తాతలకు కూడా తెలియదు. 

రేచన పథకమంతా అంతే. శరభకేతుడు దిగుతాడు. మోకాళ్ళమీద పడతాడు. పైనుంచి రేచన వంగి, తండ్రి పేరు చెబుతాడు.

ఇరవైమంది కలిసి మూత తొలగించారు. ఎండ గోతిలోకి ఏటవాలుగా పడి అడుగున మిగిలిన కాస్త ధాన్యంమీద కప్పిన గడ్డి మెరిసింది. శరభకేతుడు నడుముకున్న కత్తి విప్పి నిచ్చెనతాడు అందుకున్నాడు. అప్పుడు గృధ్రనాథుడు అడ్డం వచ్చాడు. లోపల పాములుండవచ్చనీ, ముందు ఎవరినైనా దించి చూడాలనీ అన్నాడు. శిబిరానికి పిండి విసరడానికి పట్టి ఉంచిన చెరలోని ఆడవాళ్ళలో ఒకరిని తెమ్మన్నాడు.

సైనికులు ఒక ముసలామెను లాక్కొచ్చారు. జుట్టు సగం కాలిపోయి ఉంది. ఒక చెవి లేదు. రేచన ఆమెను చూశాడు. పదిహేడో చుక్క. మేనత్త ఎరుకసాని.

ఆమె కూడా చూసింది. బూడిదా సిందూరమూ ఎలుగుగోళ్ళూ ఆమెను ఏమార్చలేదు. రేచన తాడును మోచేతికి ఎడమనుంచి కుడికి చుడుతున్నాడు. ఆ చుట్టు కొమ్మన ఇంట్లో తప్ప ఈ భూమ్మీద ఎవరూ చుట్టరు. ఆమె చూపు తాడుమీదినుంచి పాతర నోటిమీదికి, అక్కడినుంచి పక్కకు దొర్లించిన మూతమీదికి పోయింది. మూత కింది మన్ను ఇంకా తడిగానే ఉంది. అంతా ఆమెకు అర్థమైపోయింది.

"కొట్టకండయ్యా, నేనే దిగుతా" అంది. "కిరీటముంటే ఉందని అరుస్తా. అప్పుడు దొరగారు దిగొచ్చు."

రేచన నోరు తెరిచాడు. ముందు దీపం దించాలి అని ఒక్క మాటంటే చాలు, ఆమె ఆగిపోతుంది. శరభకేతుడూ ఆగిపోతాడు. ఆ మాట రేచన నాలుక చివరిదాకా వచ్చింది, పగ దాన్ని పట్టి వెనక్కి లాగింది. రెప్పపాటు సేపే. ఆ రెప్పపాటులో ఎరుకసాని గుండెనిండా గాలి పీల్చుకుని నిచ్చెనతాడు పట్టుకుని దిగిపోయింది. ఆ తర్వాత అతను ఎన్ని రాజ్యాలు తిరిగినా ఆ రెప్పపాటును తనకు తాను క్షమించుకోలేదు.

కిందనుంచి ఆమె గొంతు వినిపించింది. "ఉంది దొరా. మెరుస్తోంది. రండి." ఆ మూడు మాటలకే ఆమె దాచుకున్న గాలంతా అయిపోయింది. మళ్ళీ చప్పుడు లేదు.

శరభకేతుడు మాంత్రికుణ్ణి పక్కకు నెట్టి గబగబా దిగాడు. పైనున్నవాళ్ళకు అతని వీపు కనిపించింది. గడ్డిని రెండు చేతులా కలియబెట్టడం కనిపించింది. అంతలో తూలాడు. గోడ పట్టుకోబోయి మోకాళ్ళమీద కూలబడ్డాడు. సైనికులు గొల్లుమన్నారు. దిగడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. కిరీటాన్ని కాచే భూతం పట్టిందని రేచన కేకపెట్టి, తానే దిగుతాననీ, తాడు మూడుసార్లు లాగితే పైకి తియ్యమనీ చెప్పాడు. మెడ సిరలు పొంగేలా గాలి నింపుకుని పాతరలోకి దూకాడు.

అడుగున చల్లగా ఉంది. అత్త గడ్డిమీద వెల్లకిలా పడి ఉంది. రేచన కొలతాడును ఆమె చంకలకింద రెండుచుట్లు చుట్టి, నడుముకున్న పటాన్ని తీసి ఆమె చీరమడతలో దోపి, తాడు మూడుసార్లు లాగాడు. ఆమె పైకి లేచింది. ఒక్కొక్క మూరే లేస్తోంది. అతను లోపల లెక్కపెడుతున్నాడు. నాలుగు, అయిదు.

అప్పుడు అతని మణికట్టుమీద ఒక చెయ్యి పడింది.

శరభకేతుడి ముఖం నీలంగా మారింది. మీసాల ఉంగరాలు జారిపోయాయి. తల పైకెత్తి రేచన కళ్ళలోకి చూస్తున్నాడు. ఆ చూపులో శత్రువును చూసిన జాడ లేదు. నువ్వొచ్చావు, ఇక ఫరవాలేదు అన్నట్టు ఉంది. ఆపదలో ఆదుకోవడానికి వచ్చినవాణ్ణి చూసే చూపు.

ఇదే ఆ క్షణం. మూడు నెలలపాటు రాళ్ళకూ చెట్లకూ చెప్పిచూసుకున్న మాట. నేను కొలగాడు కొమ్మన కొడుకుని. అంతే. నోరు తెరిస్తే మాట బయటికి పోతుంది, పాతర గాలి లోపలికి వస్తుంది. ఇద్దరూ ఇక్కడే ఉంటారు. పైన స్పృహలేని ముసలామె చీరమడతలో ఊరంతా ఉంటుంది, దాన్ని ఏరు దాటించేవాడు ఉండడు. రేచన పళ్ళు బిగించాడు. దవడలు పగిలిపోతాయేమో అనిపించింది. కళ్ళతోనైనా చెబుదామని చూశాడు. శరభకేతుడికి ఆ కళ్ళలో ఏం కనిపించిందో, అతని చెయ్యి మణికట్టును ఇంకా గట్టిగా, స్నేహంగా నొక్కింది. తర్వాత వదులైంది.

రేచన నిచ్చెనతాడు పట్టి ఎగబాకి వెలుతురులో పడ్డాడు. ఊపిరి తీసుకున్నాడు. లోపల ఉన్న మాట లోపలే ఉండిపోయింది.

అత్తమీద ఎవరో కడివెడు నీళ్ళు కుమ్మరించారు. ఆమె దగ్గింది. కళ్ళు తెరవగానే రేచనకు మాత్రమే వినబడేలా పెదవులు కదిపి అడిగింది.

"చెప్పావా వాడికి?"

"లేదత్తా. ఊపిరి లేదు."

ఆమె ముఖం అటు తిప్పేసుకుంది. ఇల్లు కాలిననాడు ఏడవని మనిషి, ఇద్దరు కొడుకులు పోయిననాడు ఏడవని మనిషి, ఇప్పుడు చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది.

సైనికులు కొంకికర్రలతో శవాన్ని పైకి లాగారు. గృధ్రనాథుడు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. శవం రొమ్ముమీద నల్లటి వత్తి ఒకటి నిలబెట్టి, తన వేలు కోసుకుని నెత్తురులో తడిపి అంటించాడు. ఈ వత్తి కాలినంతసేపు చచ్చినవాడు చూస్తాడనీ, వింటాడనీ, మాట్లాడతాడనీ చెప్పాడు. బతికుండగా ఎరిగినదే చెబుతాడు గాని అబద్ధం మాత్రం చెప్పడు. రాబందులు రెండూ రెక్కలు విప్పాయి. శరభకేతుడి కళ్ళు తెరుచుకున్నాయి.

"నిన్ను చంపిందెవరు?" అని అడిగాడు మాంత్రికుడు, రేచనవైపే చూస్తూ.

"ముసలిది ఉందంది. దిగాను. ఊపిరాడలేదు" అంది శవం. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. "ఆ సిద్ధుడు నాకోసం దిగాడు. వాడి చెయ్యి పట్టుకున్నాను. ఇంత సైన్యంలో వాడొక్కడే దిగాడు. మంచివాడు. నా గుర్రం వాడికివ్వండి."

సైన్యమంతా రేచనకు చేతులు జోడించింది. అతనికి ఒళ్ళంతా కంపరమెత్తింది. తండ్రిని కాల్చినవాడు చచ్చి కూడా తనను మంచివాడంటున్నాడు. ఇంతకన్నా బూతుమాట అతను జన్మలో వినలేదు. అయినా తల వంచి నమస్కరించాడు. అరవైమూడు గడపల కోసం నమస్కరించాడు. పడమట పొద్దు రెండు నిలువుల ఎత్తున ఉంది, రేవు రెండు కోసుల దూరాన ఉంది.

గృధ్రనాథుడు ముసలిదాన్ని తిరిగి గోతిలో పడెయ్యమన్నాడు. రేచన అడ్డుపడి, ఆమె నోట పలికింది గోతిలోని భూతమనీ, అది ఇంకా ఆమెలోనే ఉందనీ, పొద్దు గుంకేలోగా ఏట్లో ముంచి వదిలించకపోతే శిబిరంలో ఎవరిని పడుతుందో తాను చెప్పలేననీ అన్నాడు. ఆ మాట వింటూనే ఆమెను పట్టుకున్న సైనికులు చేతులు వదిలేసి, తీసుకుపోండి స్వామీ అంటూ తామే గుర్రం తెచ్చారు. నల్లటి జాతిగుర్రం. రేచన అత్తను వెనక కూర్చోబెట్టుకుని కళ్ళెం అందుకుని, దాని తలను ఏటివైపు తిప్పాడు. డేరా గుమ్మంలో చిరుతలు గుర్రానికి బెదిరి పక్కకు జరిగాయి. దారి ఖాళీగా ఉంది. మరో పదంగలు పోతే అంతా నెగ్గినట్టే.

వెనకనుంచి ఎరుకసాని గొంతు లేచింది.

"శరభకేతూ, ఇటు చూడు."

శవం రొమ్ముమీద వత్తి ఇంకా అంగుళం మిగిలి ఉందని రేచనకు అప్పుడు గుర్తొచ్చింది.

"నువ్వు చెయ్యి పట్టుకున్నవాడు ఎవరనుకున్నావు, ఈ గడపలో కాల్చావే, కొలగాడు కొమ్మన, ఆయన కొడుకు. నిన్ను గోతిలోకి పిలిచింది నేను. కొమ్మన చెల్లెల్ని. తెలిసే పిలిచా. కొమ్మన. ఆనాడు పేరైనా అడగలేదు నువ్వు, ఇప్పుడు విను. కొమ్మన." ఆపైన "ఇక పో" అంది.

శవం కేకపెట్టింది. మాటలేవీ లేని కేక. వత్తి కొడిగట్టి ఆరిపోయేదాకా ఆ కేక ఆగలేదు. దానితో కలిసి రెండువందల కత్తులు ఒరలు దాటిన చప్పుడు, వాటన్నిటినీ మించి గృధ్రనాథుడి అరుపు వినిపించాయి. రేచన వెనక్కి తిరగలేదు. తిరిగితే పటం పోతుంది. మడమలతో గుర్రాన్ని పొడిచాడు. అది వంచన ఎరగని జంతువు, ఎవరు ఎక్కితే వాళ్ళకోసం పరిగెత్తేది. కాలిన తోటలమీదుగా, హద్దురాళ్ళమీదుగా బాణంలా పోయింది.

కోసెడు దూరం పోయేసరికి వాళ్ళమీద నీడ పడింది. గృధ్రనాథుడి రాబందులు ఇప్పుడు రెండే కావు. ఆకాశం నాలుగు మూలలనుంచీ లేచి గుంపుకట్టి, పొద్దును కప్పేస్తూ వస్తున్నాయి. ఒకటి రివ్వున దిగి రేచన భుజాన్ని చీల్చుకుపోయింది. ఎరుకసాని పటాన్ని రవికలోకి దోపుకుని, తన కొంగు తీసి అతని నెత్తురుకు అడ్డం కట్టింది. రేవు కనిపించింది. అవతలి ఒడ్డున ఆర్యకీర్తి డేరామీద తెల్లజెండా రెపరెపలాడుతోంది, దాని వెనక పొద్దు బెత్తెడు ఉంది. ఇవతల పడవ లేదు. ఏరు నిండుగా, సుడులు తిరుగుతూ పోతోంది.

రేచన కళ్ళెం లాగలేదు. మూడు నెలలుగా కడుపులో కాలుతున్న కుంపటి చల్లారింది. ఒక్కటే కొరత మిగిలింది.

"కోపమొచ్చిందా రేచా?" అంది అత్త అతని వీపుకు కరుచుకుని.

"లేదత్తా. నేను వెనక్కి చూడలేదు. నువ్వు నాన్న పేరు చెప్పినప్పుడు వాడి మొహం ఎలా అయింది?"

వెనక గుర్రాలు ఇసుకతిన్నె ఎక్కాయి. మొదటి బాణం వాళ్ళ పక్కగా నీళ్ళలో పడింది.

"ముందు ఏరు దాటించరా" అంది ఎరుకసాని. "అవతల ఒడ్డున కూర్చుని తీరిగ్గా చెబుతా."

గుర్రం సుడిలోకి దూకింది.